రాయి చెప్పినట్టే గూడు

తెలుగు నగల పేర్లు చాలావరకు చెట్టు మీద కాసినవే. చింతాకు పతకం, మామిడిపిందెల హారం, మల్లెమొగ్గల దండ, జడలో మొగలిరేకు, చేమంతిపువ్వు, పసిపిల్లల నుదుట రావిరేక, మెడలో గోధుమ గొలుసు. చెట్టు దిగి చూస్తే జడ మీద నాగరం, దండచేతికి పాములా మెలిక తిరిగిన వంకీ. తలెత్తితే పాపిటకు అటొకటి ఇటొకటి సూర్యుడు, చంద్రవంక. సముద్రం వైపు తిరిగితే గుత్తులుగా వేలాడే గుట్టపూసలు. భద్రాచల రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న సీతమ్మకు చేయించిన నగ అంటూ ఒక కీర్తనలో చెప్పుకున్నది చింతాకు పతకాన్నే. ఆయన బతికిన 17వ శతాబ్దంలోనే, భద్రాచలానికి చాలా దూరంలో, మధురైలో తెలుగు నాయక రాజులు ఏలుతున్నారు.

చింతాకు లాంటి చిన్న ఆకును నగకు నమూనాగా తీసుకోవడంలో ఒక చూపు ఉంది. చింతరెమ్మ మీద ఆకులు జంటలు జంటలుగా వరస కడతాయి. ఆ జంటలో కూడా రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఒకటి కాస్త పొడుగు, ఇంకొకటి కొసన కాస్త మొద్దు. చేత్తో రేకు కత్తిరించి, చేత్తో రాయి పొదిగిన పతకంలోనూ ఇదే కనిపిస్తుంది. ప్రకృతిలోంచి రూపం తీసుకుని, చేతిపనిలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గుల్ని దాచకుండా చేసే నగను ఇవాళ నగరాల్లో ఆర్ట్ జ్యువెలరీ అంటున్నారు. కళానగ అని తెలుగు చేసుకోవచ్చు. ఈ పద్ధతి కొత్తగా వచ్చిందనుకుంటారు గానీ దానికి మన దగ్గర పాత చిరునామాలే ఉన్నాయి. వాటిలో రెండు తెలుగు రాష్ట్రాల బయట ఉన్నాయి: కోయంబత్తూరు, మధురై.

వలస వెంట వచ్చిన నగ

1371 ప్రాంతంలో విజయనగర రాకుమారుడు కుమార కంపన మధురై సుల్తానులను ఓడించాడు. ఆయన భార్య గంగాదేవి ఆ దండయాత్రను ‘మధురావిజయం’ అనే సంస్కృత కావ్యంగా రాసింది. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయకుల ఏలుబడి 1736 దాకా సాగింది. రాజ్యాన్ని 72 పాళెములుగా పంచారు. వాటిలో చాలా పాళెములకు తెలుగు నాయకులే పెద్దలు. సైన్యం వెంట రైతులు వచ్చారు, నేతగాళ్లు వచ్చారు, వర్తకులు వచ్చారు. వాళ్ల వెంట వాళ్ల పనివాళ్లు వచ్చారు. వడ్రంగి, కమ్మరి లేని ఊరు ఎలా నిలవదో కంసాలి లేని ఊరూ అంతే. పెళ్లికి బొట్టు, పిల్లకు చెవిపోగు, అమ్మవారికి ముక్కుపుడక, అన్నీ అతని కుంపటి దాటి రావలసినవే.

ఆ వలస గుర్తులు వీధుల పేర్లలో ఇంకా ఉన్నాయి. కోయంబత్తూరులో తెలుంగుపాళయం ఒక పేట. టౌన్‌హాల్ దగ్గర తెలుగు బ్రాహ్మణ వీధి ఉంది. ఆ వీధి, దాని పక్కన ఎడయార్ వీధి, సలివన్ వీధి, వైశ్యాళ్ వీధి, రాజవీధి చుట్టుపక్కలే నగలు చేసే గదులు, అమ్మే కొట్లు ఒత్తుగా కనిపిస్తాయి. పశ్చిమంగా పేరూరు దారి పట్టుకుంటే సెల్వపురం, తెలుంగుపాళయం బంగారప్పని పేటలు. మధురైలో మీనాక్షి గుడి చుట్టూ నలుచదరంగా ఒకదాని వెలుపల ఒకటిగా పోయే వీధులకు తమిళ నెలల పేర్లు ఉన్నాయి. వాటిలో దక్షిణ ఆవణి మూల వీధి నగల బజారు.

ఈ పని అంతా తెలుగువాళ్లదే అనడం సరికాదు. తమిళ ఆచారులు, తెలుగు కంసాలులు తరాలుగా పక్కపక్కనే కూర్చుని చేశారు. ఈమధ్య కాలంలో బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్లు కోయంబత్తూరు గదుల్లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. అయితే ఒక నగ మాత్రం ఇంటి భాష చెప్పేస్తుంది. అది బొట్టు. తమిళనాట నగల కొట్లలో తాళిబొట్లు ఏ కులానిది, ఏ ప్రాంతానిది అన్న లెక్కన వేర్వేరు రకాలుగా ఉంటాయి. గుండ్రటి బిళ్లల తాళిని అక్కడ ‘పొట్టు తాలి’ అంటారు. తెలుగు మాట్లాడే ఇళ్ల తాళిగా దానికి పేరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం మాత్రమే చదువుకుని, తెలుగు అక్షరం రాని కుటుంబాల్లో కూడా ఈ బిళ్ల తెలుగుగానే మిగిలింది.

ఆనవాయితీ ప్రకారం బొట్లు రెండు. ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. రెండూ పలచటి బంగారు రేకును గుంట మీద పెట్టి కొట్టి, మధ్యన కాస్త ఉబ్బేలా తీసిన బిళ్లలు. రెండు ఊళ్లలో, రెండు కుంపట్ల దగ్గర, రెండు వేర్వేరు చేతులు చేసినవి సరిగ్గా ఒకేలా ఉండే అవకాశమే తక్కువ. ఒకదాని అంచు కొంచెం మందం, ఒకదాని ఉబ్బు కొంచెం ఎక్కువ. పసుపుతాడుకు రెండూ పక్కపక్కన పడ్డాక ఆ తేడాను ఎవరూ తప్పు పట్టలేదు. అది రెండిళ్ల గుర్తు. ఈ రోజుల్లో రెండు బొట్లూ ఒకే కొట్లో, ఒకే అచ్చులో కొంటున్నారు. కొలత సరిపోతోంది, ఆ గుర్తు పోతోంది.

వంకర కెంపు

చేతినగలో హెచ్చుతగ్గులు ఎక్కడ నుంచి వస్తాయో తెలియాలంటే రాళ్లు పొదిగిన పాత దక్షిణాది నగను తిరగేసి చూడాలి. ముందువైపు కెంపులు, పచ్చలు, ముత్యాలు. వెనకవైపు మూసేసిన బంగారు రేకు, దాని మీద కొన్నిట్లో చెక్కిన తీగ, పువ్వు. ఆ మూసిన పెట్టె లోపల ఉన్నది లక్క.

పని నడిచే తీరు ఇది. ముందు రాళ్లను పరుస్తారు. పాతకాలపు కెంపులకు ఇప్పటిలాగా ముఖాలు కోసే అలవాటు లేదు. ముడిరాయిని సానపట్టి, బరువు పోకుండా, నున్నగా బొడిపెలా చేసి వదిలేసేవారు. అందుకే ఒక్కో రాయికి ఒక్కో ఆకారం. ఒకటి కోడిగుడ్డులా, ఒకటి కందిబద్దలా, ఒకటి ఏ పేరూ పెట్టలేనట్టు. కంసాలి ఆ రాళ్లను రంగు చూసి, పరిమాణం చూసి జతపరిచి, ప్రతి రాయికీ దాని చుట్టుకొలతకు తగ్గట్టు రేకును వంచి ఒక గూడు కడతాడు. గూళ్లను పక్కపక్కన అతికితే హంస రెక్క వస్తుంది, నెమలి పింఛం వస్తుంది, నాయకుల కాలానికి ఇష్టమైన రెండు తలల గండభేరుండం వస్తుంది. గూట్లో మెత్తని లక్క నింపి, దాని మీద మెరిసే తగడు పరిచి, తగడు మీద రాయి పెట్టి, అంచు బంగారాన్ని పనిముట్టుతో నొక్కుతూ రాయి చుట్టూ కప్పేస్తారు. బంగారం ఎంత మేలిమి అయితే అంత మెత్తగా వంగుతుంది, అంత బాగా రాయిని పట్టుకుంటుంది.

ఇక్కడ రాయి యజమాని, గూడు దానికి లోబడ్డది. నమూనా కాగితం మీద ఎంత సమంగా గీసుకున్నా, ఎడమ రెక్కలో వంకర కెంపు పడితే ఎడమ రెక్క వంకర తిరగవలసిందే. పాత నగల్లో రెండు నెమళ్లు ఎదురెదురుగా ఉంటాయి. మొదటి చూపుకు అద్దంలో బింబంలా అనిపిస్తాయి. నిదానంగా చూస్తే ఒక నెమలి మెడ కొంచెం లావు, ఒకదాని తోక ఒక రాయి పొడుగు. ఆ నగకు ప్రాణం పోసేది ఈ తేడానే. సమానంగా ఉండాలన్న తపన అందులో ఉంది, రాయిని కోసి పారేయకూడదన్న పొదుపూ ఉంది. రెండిటి మధ్య కుదిరిన రాజీయే దాని అందం.

పాత శాస్త్రాలు రాతి మచ్చను మెచ్చుకున్నాయని మాత్రం అనకూడదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి ‘బృహత్సంహిత’ వజ్రంలో కాకిపాదం లాంటి గీత, ఈగ, వెంట్రుక కనిపిస్తే దోషమనే చెప్పింది. రత్నపరీక్ష గ్రంథాలన్నీ మచ్చలేని రాయినే ఉత్తమమన్నాయి. రాజులకు అలాంటి రాళ్లు వెతికి తెచ్చేవారు. మామూలు ఇళ్లకు దొరికినవి మచ్చలున్న రాళ్లు. మచ్చ రాతిని మెరిపించడానికే కింద తగడు పెట్టడం, అంచు కప్పడం, గుత్తిగా కూర్చడం లాంటి ఉపాయాలన్నీ బాగా పనికొచ్చాయి. మచ్చను శాస్త్రం నిందించింది, చేతిపని దానికి చోటు కల్పించింది.

20వ శతాబ్దం ఈ లెక్కను తలకిందులు చేసింది. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్న్యూ, అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపును తయారుచేసే విధానం ప్రకటించాడు. గుణంలో అది కెంపే. భూమిలో పుట్టలేదు, అంతే. ఇలాంటి కృత్రిమ రాళ్లకు సానపట్టే పని ఒకప్పటి నాయకుల రాజధాని తిరుచిరాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో కుటీర పరిశ్రమగా పెరిగింది. అప్పటి నుంచి ఏ మచ్చా లేని ఎర్రటి రాయి కనిపిస్తే ముందు అనుమానించవలసి వచ్చింది. భూమిలో పుట్టిన కెంపును భూతద్దం కింద పెడితే చాలాసార్లు సన్నని పట్టుదారాల్లాంటి సూదులు కనిపిస్తాయి. అవి రూటైల్ అనే ఖనిజపు పోగులు. మంటలో చేసిన రాయిలో వంపు గీతలు, గాలి బుడగలు ఉంటాయి. ఒకప్పుడు దోషమన్నదే ఇప్పుడు అసలైన రాయికి సాక్ష్యమైంది.

ముత్యాల కథ ఇంకా దగ్గరిది. మధురైకి ఆగ్నేయ దిక్కున మన్నార్ సింధుశాఖ. ప్రాచీన కాలం నుంచి పేరున్న ముత్యపు చిప్పల గట్లు అక్కడివి. చిప్పలో దానంతటదే పుట్టిన ముత్యం చాలా అరుదుగా నిండు గుండ్రంగా ఉంటుంది. బియ్యపు గింజలా, మిరియంలా, నలిగిన బఠాణీలా ఉండేవే ఎక్కువ. ఆ చిన్న ముత్యాలకు బెజ్జం వేసి, గుత్తులుగా హారం అంచుకు వేలాడదీస్తే అవి కదులుతూ ఒకదానికొకటి తగులుతాయి. ఆకారాల తేడా కదలికలో కలిసిపోతుంది. తూత్తుకుడిలో చివరి ముత్యాల వేట 1961లో జరిగింది. 1973లో అక్కడే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చిప్పలో పూస పెట్టి గుండ్రటి ముత్యాన్ని పెంచగలిగారు. నేడు గుట్టపూసల హారాల పేరిట అమ్మే వాటిలో చాలావరకు మంచినీటి చిప్పల్లో పెంచి, చైనా నుంచి తెచ్చిన ముత్యాలు. వాటిలో బియ్యపు గింజ ఆకారంలో ఉన్నవాటిని ఏరి వాడితే పాత హారం కదలిక కొంత తిరిగి వస్తుంది.

కుంపటి దగ్గర

కంసాలి ముందున్న పనిముట్లు ఎక్కువ కావు. కుంపటి, ఊదుగొట్టం, మూస, పట్టుకారు, దాగలి, సుత్తులు, ఆకురాయి, గీటురాయి, కమ్మచ్చు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలున్న ఇనుప పలక. బంగారు కడ్డీని ఒక్కో బెజ్జంలోంచి లాగుతూ పోతే తీగ సన్నబడుతుంది. చేత్తో లాగిన తీగ ఒకచోట వెంట్రుకవాసి మందంగా ఉండవచ్చు. అల్లినప్పుడు ఆ మందం వెలుగును వేరేలా పట్టుకుంటుంది.

ఈ కుంపటి దగ్గర ఎర్రని, నల్ల మూతి గురివింద గింజది విచిత్రమైన స్థానం. అదే తూకపు రాయి, అదే జిగురు. బంగారాన్ని గురిగింజ ఎత్తుల్లో తూచేవారు. ఒక గింజ ఇంచుమించు 0.12 గ్రాములు. తీగ మీద తీగ, రవ మీద రవ నిలబెట్టి అతకాలంటే, టంకం కరిగే దాకా అవి జారకుండా ఉండాలి. గురివింద గింజను నీటితో రాతి మీద అరగదీసి, వెలిగారం కలిపి ఆ ముద్దతో అంటిస్తే ముక్కలు కదలవు. మంట తగలగానే ముద్ద కాలిపోతుంది, వెలిగారం కరిగి టంకాన్ని అతుకులోకి పారిస్తుంది. గింజలు కూడా ప్రకృతి కన్నవే కాబట్టి అన్నీ ఒకే బరువు ఉండవు. మంచి కంసాలి మరీ బక్కవి, మరీ బొద్దువి తీసేసి, మధ్యరకం ఏరి పెట్టుకునేవాడు.

రవల పని చూస్తే ప్రకృతి చేయి ఎంతో తెలుస్తుంది. సన్నని బంగారు తీగను ముక్కలు ముక్కలుగా కత్తిరించి, బొగ్గుపొడిలో చల్లి వేడి చేస్తారు. కరిగిన ప్రతి ముక్కా తనంతట తానే గుండ్రని బిందువుగా ముడుచుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టును గుండ్రంగా నిలిపే తలతన్యతే ఇక్కడా పని చేస్తుంది. ఏ అచ్చూ లేదు. ముక్క కాస్త పెద్దదైతే రవ కాస్త పెద్దది. వాటిని పువ్వు చుట్టూ వరసగా అంటించినప్పుడు కంటికి గుండ్రంగా, వేలికి గరుగ్గా తగులుతుంది. చివర నగను కుంకుడు రసంతోనో చింతపండు పులుసుతోనో తోమి కడుగుతారు. చింతాకుతో పేరు పెట్టుకున్న పతకానికి చింతపండుతో నిగ్గు.

నగల పనికీ రాతి పనికీ ఉన్న బంధం పేరూరులో కనిపిస్తుంది. విశ్వబ్రాహ్మణుల అయిదు పనుల్లో కంసాలి, శిల్పి అన్నదమ్ముల్లాంటివారు. మిగతా మూడూ కమ్మరి, వడ్రంగి, కంచరి. కోయంబత్తూరు పక్కన నొయ్యల్ ఒడ్డున ఉన్న పేరూరు పట్టీశ్వరుడి గుడిలో కనకసభను 17వ శతాబ్దంలో మధురై నాయక వంశానికి చెందిన అళగాద్రి నాయకుడు కట్టించాడు. అక్కడి పైకప్పు నుంచి రాతి గొలుసులు వేలాడుతాయి. ఏక రాతిలో చెక్కిన గొలుసు కడియాలు ఒకదానిలో ఒకటి కదులుతాయి. బంగారు తీగతో చేయవలసిన పనిని గ్రానైటులో చేశారు. మధురైలో తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపంలోని స్తంభాల మీద నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు ఉన్నాయి. మెడలో హారాలు, దండకడియాలు, చెవులకు బరువైన కుండలాలు అన్నీ రాతిలోనే. పాత నగలు ఎన్నో కరిగిపోయాయి గానీ ఈ రాతి నగలు మాత్రం ఎక్కడికీ పోలేదు. నాయకుల కాలపు నగ ఎలా ఉండేదో తెలుసుకోదలచిన వాళ్లకు అవే పాఠ్యపుస్తకం.

ఒక్కలాంటి నగలు

చేతిపనికి పెద్ద దెబ్బ 1963 జనవరిలో తగిలింది. మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయడాన్ని నిషేధించాయి. 22 క్యారెట్ల నగలో 100కు దాదాపు 92 వంతులు బంగారం. 14 క్యారెట్లలో 58 పైచిలుకు మాత్రమే. మిగిలిందంతా రాగి, వెండి లాంటివి. అలాంటి లోహం బిరుసు. రాయి అంచు కప్పడానికి వంగదు, పలచటి రేకుగా కొడితే మెత్తగా ఒదగదు. అది చాలదన్నట్టు కొనేవాళ్లు ఆ నగను బంగారంగానే చూడలేదు. దేశమంతటా వేలాది కంసాలి కుటుంబాలు పని పోగొట్టుకున్నాయి, ఆత్మహత్యలు జరిగాయి. క్యారెట్ల పరిమితిని తర్వాత తీసేశారు గానీ 1968 బంగారు నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది. ఆ ఏళ్లలో కుంపటి వదిలి వేరే పనికి పోయిన తండ్రుల పిల్లలు ఆ పని నేర్చుకోలేదు. చేతిపనిలో ఒక తరం తెగితే పుస్తకం చూసి అతకలేరు.

చట్టం పోయాక పని తిరిగి వచ్చింది, కానీ వేరే రూపంలో వచ్చింది. కోయంబత్తూరు యంత్రాల ఊరు. తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు (1893–1974) లాంటి వాళ్లు మోటార్లు, యంత్రాలు తయారుచేసి చూపించిన ఊరు. అలాంటి చోట నగల పనిలోకి పోతపోసే యంత్రాలు రావడం సహజమే. ఇప్పుడు నమూనాను కంప్యూటరులో గీస్తారు. యంత్రం మైనంతో దాన్ని చేసిపెడుతుంది. దాని మీంచి రబ్బరు అచ్చు, ఆ అచ్చులోంచి ఎన్ని కావాలంటే అన్ని మైనపు ప్రతులు. వాటిని కొమ్మకు కాయల్లా అతికించి, చుట్టూ ప్లాస్టరు ముద్ద పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలోకి బంగారం పోస్తారు. ఆ మైనపు కట్టను పనివాళ్లు చెట్టనే అంటారు. ఒకే చెట్టుకు కాసిన కాయలన్నీ ఒక్కలా ఉండే చెట్టు అదొక్కటే.

ఇందులో లాభాలు ఉన్నాయి. తరుగు తక్కువ, ధర తక్కువ, పెళ్లి ముహూర్తానికి చేతికందుతుంది. యంత్రాన్ని నిందించడం న్యాయం కాదు. నష్టం ఎక్కడంటే, లెక్క తిరగబడింది. పాత పనిలో రాతికి తగ్గట్టు గూడు కట్టేవారు. పోత పనిలో గూటి కొలత ముందే ఖాయం, రాళ్లను ఆ కొలతకు కోసి తెప్పిస్తారు. వంకర కెంపుకు అక్కడ చోటు లేదు. అందుకే ఆ కెంపూ రాదు, దాన్ని చూసి ఏం చేయాలో ఆలోచించే కన్నూ రాదు.

చోటు కల్పించే ప్రయత్నాలు వేరే దేశాల్లోనూ జరిగాయి. యంత్రాల నగలు యూరపును ముంచెత్తిన కాలంలో ఫ్రాన్సులో రెనే లాలిక్ (1860–1945) వజ్రాలను పక్కన పెట్టి కొమ్ము, గాజు, ఎనామిల్‌తో తూనీగలు, ఎండుటాకులు చేశాడు. జపానులో పగిలిన గిన్నెను చెట్టు జిగురుతో అతికి, ఆ అతుకు మీద బంగారు పొడి చల్లి, పగులును దాచకుండా చూపించే పద్ధతి ఉంది. మన దగ్గర చూస్తే, నాగర్‌కోవిల్ వడశేరిలో చేసే ఆలయ నగలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణలో కరీంనగర్ వెండి తీగపనికీ ఆ గుర్తింపు ఉంది. మధురైలో 2013లో అలాంటి గుర్తింపు పొందింది నగ కాదు, మల్లెపువ్వు. మల్లెమొగ్గల దండ చేసే చేయి మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

ఇప్పుడు చేయాలనుకునే వారికి

బంగారం ధర చూసి చాలామంది కళానగల పని వెండితో మొదలుపెడుతున్నారు. మంచి నిర్ణయమే. వెండి 961 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది, బంగారం 1064 వద్ద. నేర్చుకునే చేయి తప్పు చేసినా వెండిలో నష్టం తక్కువ. ప్రకృతి రూపాన్ని లోహంలోకి దింపడానికి మూడు మార్గాలు ఇంట్లో చిన్న గదిలో కూడా సాధ్యం.

ఆకు ముద్ర మొదటిది, తేలికైనది. రావి ఆకును కొన్ని వారాలు నీళ్లలో నాననిస్తే కండ అంతా పోయి ఈనెల వల మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి, కాల్చి మెత్తబరచిన వెండి రేకు మీద పరిచి, రోలర్ల మధ్య నుంచి ఒక్కసారి గట్టిగా నడిపితే ఈనెలన్నీ రేకు మీద దిగుతాయి. ఒక ఆకు ఒక్కసారికే పనికొస్తుంది. ఆ ముద్ర మళ్లీ రాదు. రావిరేకకు ఇంతకంటే నిజమైన రూపం ఉండదు.

రెండోది సముద్రపు నురుగు. పేరుకు నురుగు గానీ అది కటిల్ చేప వీపు లోపలి పెంకు. తూర్పు తీరంలో ఇసుక మీద కొట్టుకొచ్చి పడి ఉంటుంది. మెత్తగా ఉండే దాని లోపలివైపున నగ ఆకారం తొలిచి, రెండు ముక్కలు బిగించి కరిగిన వెండి పోస్తే, పెంకులోని సన్నని పొరల గీతలు అలల్లా నగ మీద పడతాయి. ఆ గీతలు ఎటు పోతాయో పోసేవారి చేతిలో ఉండదు. పోత పోసేటప్పుడు కాలిన పెంకు ఘాటుగా కంపు కొడుతుంది. కిటికీలు తెరిచి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయవలసిన పని ఇది.

మూడోది రేకును ముడతలు పడనివ్వడం. రాగి కలిసిన వెండి రేకును కొద్దికొద్దిగా వేడి చేసి, పులుపు నీటిలో ముంచి తీయడం పలుమార్లు చేస్తే, పై పొరలోని రాగి ఆక్సైడుగా మారి కరిగిపోయి, పైన శుద్ధ వెండి పొర మిగులుతుంది. ఆ పొర కరగడానికి ఎక్కువ వేడి కావాలి, లోపలి మిశ్రమానికి తక్కువ చాలు. ఇప్పుడు మంటను నిదానంగా నడిపిస్తే లోపలిది కరిగి, చల్లారుతూ ముడుచుకుంటుంది. పైపొర ఎండిన చెరువు మట్టిలా, ముసలి చేతి చర్మంలా ముడతలు పడుతుంది. ఎక్కువైతే రేకు చిల్లు పడుతుంది. ఆ హద్దు మంట రంగు చూసి కంటికి తెలియాలి, గడియారం చెప్పదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వంకరగా ఉన్నదల్లా కళ కాదు. అతుకు వదిలే గొలుసు, చర్మం గీరే అంచు, రాయి ఊడిపోయే గూడు చేతకానితనమే. పాత కెంపు నగలో నెమలి మెడ లావుగా ఉండవచ్చు గానీ వందేళ్ల తర్వాతా రాయి కదలదు. ఆకారంలో స్వేచ్ఛ, అతుకులో కచ్చితం. ఈ రెండోది లేకుండా మొదటిది అడగకూడదు.

కొనేవాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 2021 జూన్ 16 నుంచి దేశంలో దశలవారీగా బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి అయింది. నగ మీద స్వచ్ఛత అంకె, అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల ప్రత్యేక సంఖ్య ఉంటాయి. 2 గ్రాములలోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనికి మినహాయింపు ఇచ్చారు. లక్క నిండిన నగను మొత్తంగా తూచి బంగారం ఎంతో చెప్పడం కుదరదు కనుక, అలాంటి నగ చేయించుకునేటప్పుడు రేకు బరువు, రాళ్ల బరువు, లక్క బరువు విడివిడిగా రాయించుకోవాలి. ఇంట్లోని పాత నగలకు హాల్‌మార్కు లేకపోయినా దగ్గర ఉంచుకోవడానికి, అమ్ముకోవడానికి అడ్డంకి లేదు.

నిజానికి పాత నగకు ఇవాళ ఎదురవుతున్న ప్రమాదం చట్టం కాదు, మార్పిడి. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ బీరువాలోని నగలు కొట్టు బల్ల మీదికి వస్తాయి. లక్క తీసేస్తారు, రాళ్లు ఊడదీసి పొట్లం కట్టి ఇస్తారు, రేకు మూసలో పడుతుంది. వంకర కెంపులు పొట్లంలో మిగులుతాయి, వాటి కోసం కట్టిన గూళ్లు మిగలవు. కోయంబత్తూరులోనో మధురైలోనో, గుంటూరులోనో వరంగల్లులోనో అమ్మమ్మ నగ ఉన్నవాళ్లు దాన్ని మార్చక తప్పకపోతే ముందుగా రెండు ఫొటోలు తీయాలి. ఒకటి ముందువైపు, ఒకటి వెనకవైపు. వాటి కింద ఆ నగ బరువు, చేసిన ఊరు, ఇంట్లో దాన్ని పిలిచిన తెలుగు పేరు రాసి ఉంచాలి.